రక్తపోటు మాత్ర - దేహంలో దాని గమనం

రక్తపోటును తగ్గించడానికి మన దేశంలో విరివిగా వాడే మందులలో ఆమ్లోడిపిన్ ఒకటి. జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో దీనికి స్థానం ఉన్నది. మింగిన మాత్ర కరిగి, ప్రేగుల నుండి మెల్లగా రక్తంలో చేరుతుంది. 6 నుండి 12 గంటలలో రక్తంలో దాని పరిమాణం గరిష్ఠ స్థాయికి వస్తుంది. రక్తనాళాల గోడలలోని కండర కణాలలోకి కాల్షియం ప్రవేశాన్ని అది తగ్గిస్తుంది. అందువల్ల నాళాలు సడలి, పోటు తగ్గుతుంది.

దేహానికి ఏ మందైనా పరాయి పదార్థమే. దానిని వదిలించే భారం ఇక్కడ ముఖ్యంగా కాలేయానిది. అందలి ఎంజైములు ఆమ్లోడిపిన్‌లో సుమారు 90 శాతాన్ని నిర్వీర్య పదార్థాలుగా మారుస్తాయి. వాటిలో అధిక భాగాన్ని మూత్రపిండాలు మూత్రం ద్వారా వెలుపలికి పంపుతాయి. మార్పు చెందకుండా మూత్రంలో పోయేది సుమారు 10 శాతం మాత్రమే. ఈ క్రియ చాలా నిదానమైనది. రక్తంలోని మందు సగానికి తగ్గడానికే 30 నుండి 50 గంటలు పడుతుంది.

కనుకనే రోజుకొక మాత్ర చాలు. నిన్నటి మందు పూర్తిగా పోకముందే నేటిది వచ్చి చేరుతుంది. నిత్యం వాడితే 7, 8 రోజులకు చేరే మందు, పోయే మందు సమమై నిలకడ ఏర్పడుతుంది. రెండు రోజులకే గుణం కనబడలేదని అదనంగా మింగడం ప్రమాదకరం. ఆ అదనపు మందు తొందరగా వదలదు. పోటు తగ్గిందని మానివేస్తే, మందు క్రమంగా తరిగిపోయి పోటు మళ్లీ పెరుగుతుంది. వృద్ధులలోను, కాలేయవ్యాధి కలవారిలోను ఈ మందు మరింత నెమ్మదిగా తొలగుతుంది. అందుచేత వైద్యులు వారికి తక్కువ మోతాదుతో ప్రారంభిస్తారు. మోతాదును పెంచడం, తగ్గించడం వైద్యుని సలహాపైనే జరగాలి.