సారా పోయింది, పొదుపు వచ్చింది

ఉన్న వ్యసనం పోవాలంటే ఆ చోటులో మంచి అలవాటు ఒకటి వచ్చి కూర్చోవాలి. ఈ మాటకు నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటే సాక్ష్యం.

1990ల మొదట్లో మగవారి కూలి డబ్బులు సాయంత్రానికల్లా సారా దుకాణానికి చేరేవి. ఇంట్లో పస్తులు, తన్నులు. ఆ రోజుల్లోనే అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. రాత్రి బడిలో పలక పట్టిన ఆడవారు అక్షరాలతో పాటు తమ కష్టాలూ చెప్పుకున్నారు. 1992లో దూబగుంట రోశమ్మ వంటివారు ముందు నిలిచి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయింది.

మరి మిగిలిన డబ్బు మాటేమిటి? జిల్లా మహిళలు 'పొదుపు లక్ష్మి' పేరుతో రోజుకు రూపాయి చొప్పున నెలకు 30 రూపాయలు దాచసాగారు. విత్తనాలకో వైద్యానికో అవసరమైతే వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా సంఘంలోనే అప్పు తీసుకునే వీలు కలిగింది.

1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది. మందు దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. పొదుపు సంఘాలు మాత్రం మూతపడలేదు. చట్టం నేర్పిన బుద్ధి చట్టంతో పోవచ్చు గాని, చేతికి పట్టిన అలవాటు అంత తేలికగా పోదు.

మందు మానదలచినవారు ఆ డబ్బును ఏ రోజుకారోజు ఇల్లాలి చేతిలో పెట్టడం మేలు. అయితే ఏళ్ల తరబడి బాగా తాగినవారు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. ముందుగా డాక్టరును కలవాలి.