రెండు ఫొటోల యువరాణి

పట్టు గౌన్లలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాణిగారి కొలువుకు ముస్తాబైన రోజులవి. 1890ల నాటి ఆ ఫొటోలో బాంబా, కాథరీన్‌లతో ఉన్న చిన్నది సోఫియా దులీప్ సింగ్. ఇంకా ఇరవై నిండలేదు. పంజాబునేలిన రంజిత్ సింగ్‌కు మనవరాలు, విక్టోరియా రాణికి జ్ఞానపుత్రిక.

ఆ ఇంటికి బొమ్మ దిగడం కొత్త కాదు. సోఫియా తండ్రి దులీప్ సింగ్ 1849లో, పదేళ్ళ వయసులో, రాజ్యాన్నీ కోహినూరునూ బ్రిటిషువారికి పోగొట్టుకున్నాడు. ఐదేళ్ళకు రాణి అతని నిలువెత్తు చిత్రం వేయించింది. అందులో మెడలో వేలాడేది రాణిగారి బొమ్మే!

ఆనాటి ఫొటోలూ ఇంచుమించు ఆ చిత్రంలాగే, బిగుసుకుని నిలబడి దిగేవే. 1851లో వచ్చిన తడిపలక పద్ధతిలో కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాలి. అందుకే తల కదలకుండా వెనక ఇనుప ఊతం పెట్టేవారు. పసిపిల్లలనైతే తల్లి గుడ్డ ముసుగు కప్పుకుని వెనకనుంచి పట్టుకునేది. సోఫియా పెరిగేనాటికి పొడిపలకలు వచ్చి క్షణంలో ఫొటో తీయడం సాధ్యమైంది. అయినా బిగుసుకుని నిలబడే అలవాటు పోలేదు. ఫొటో మనిషి హోదాను చూపేది, మనసును కాదు.

సోఫియా మనసు తెలియాలంటే 1913 నాటి ఫొటో చూడాలి. హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్ బయట, ఫర్ కోటు తొడుక్కుని, స్త్రీల ఓటు కోసం పోరాడే 'సఫ్రజెట్' పత్రిక అమ్ముతోంది. ఎదురుగానే ఆమె ఇల్లు. అది విక్టోరియా రాణి ఉండమని ఇచ్చినది. ఆ రాణికేమో స్త్రీల హక్కులన్న మాటే గిట్టేది కాదు!

ఓటు లేనిదే పన్ను కట్టనని సోఫియా పట్టుబట్టింది. కుక్కలకూ బండికీ లైసెన్సు తీసుకోనందుకు 1911లో కోర్టు 3 పౌండ్ల జరిమానా వేసింది. కట్టలేదు. అధికారులు ఆమె ఏడు వజ్రాల ఉంగరాన్ని జప్తు చేసి వేలం వేశారు. సాటి ఉద్యమకారిణి ఒకరు దాన్ని పాడుకుని, మళ్ళీ ఆమె చేతికే ఇచ్చారు.

1918లో ముప్ఫై దాటిన స్త్రీలకు, అదీ కొన్ని షరతులతో, ఓటు వచ్చింది. పురుషులతో సమానంగా రావడానికి 1928 దాకా ఆగాల్సి వచ్చింది. సోఫియా 1948లో కన్నుమూసింది. 2018లో బ్రిటన్ తపాలా సంస్థ ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. దాని మీదున్నది పట్టు గౌను ఫొటో కాదు, వీధిలో పత్రిక అమ్ముతున్నదే.