బూజు పట్టిన పల్లీలు – కాలేయానికి కనిపించని ముప్పు



మన నారాయణపేట ప్రాంతంలో పల్లీలు లేని వంటిల్లు ఉండదు. ఇడ్లీకి పల్లి చట్నీ, రొట్టెకు పల్లి పొడి, పిల్లలకు పల్లి పట్టీలు. రోజూ మాంసం, గుడ్లు కొనలేని కుటుంబాలకు ఇది చౌకైన, బలమైన ఆహారం. కనుక పల్లీలు మానండి అని మేము చెప్పడం లేదు.

అయితే చాలా ఇళ్లలో ఒక అలవాటు ఉంది. కాయలు ఒలిచాక మంచి గింజలు అంగడికి పోతాయి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఇంటికి మిగులుతాయి. "వేయించుకుంటే ఏమీ కాదులే" అనుకుంటాము. ఇది నిజం కాదు. ఎందుకో తెలుసుకుందాం.

బూజులో ఉన్న విషం

నేలలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఉంటుంది. కాయ ఊరే సమయంలో వానలు లేక పైరు ఎండినా, పీకిన కాయలు సరిగా ఆరకపోయినా అది గింజలోకి చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. వాటి మేతలో కలిపిన పల్లి చెక్కే కారణమని తేలినప్పుడు ఈ విషం సంగతి ప్రపంచానికి తెలిసింది. మనం ఇంట్లో వేయించినా, ఉడికించినా ఇది పూర్తిగా పోదు.

కాలేయంలో ఏమి జరుగుతుంది?

ఒంట్లో చేరిన విషాలను బయటికి పంపే పని కాలేయానిది. అఫ్లాటాక్సిన్‌ను నీటిలో కరిగేలా చేయడానికి కాలేయం దానికి ఒక ఆక్సిజన్ పరమాణువును జోడిస్తుంది. అప్పుడు రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి చిన్న మూడు మూలల వలయం ఏర్పడుతుంది. దీనినే ఎపాక్సైడ్ అంటారు. వంచి కట్టిన వెదురు బద్దలాగా ఇది చాలా బిగుతుగా ఉంటుంది. ఎప్పుడు విడిపోదామా అన్నట్లు దగ్గరలో ఏది దొరికితే దానికి అంటుకుంటుంది. నీటిలో దీని ఆయుష్షు సుమారు ఒక్క సెకను మాత్రమే. అయినా ఆ కొద్ది సమయమే చాలు.

మన శరీర కణాలకు పని నేర్పే గ్రంథం డీఎన్ఏ. అది ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో రాసి ఉంటుంది. ఎపాక్సైడ్ ఆ అక్షరాల మధ్య దూరి, 'జి' అనే గ్వానిన్‌కు అతుక్కుంటుంది. గ్లూటాథయాన్ అనే రక్షక పదార్థం చాలా ఎపాక్సైడ్‌ను ముందే పట్టుకుంటుంది. కణం కూడా చెడిన అక్షరాలను కత్తిరించి బాగుచేసుకుంటుంది. కానీ బాగుచేయకముందే కణం రెండుగా చీలితే, నకలు రాసేటప్పుడు 'జి' ఉండవలసిన చోట 'టి' పడుతుంది. దీనినే మ్యుటేషన్ అంటారు. ఆ తప్పు తర్వాతి కణాలన్నిటికీ పోతుంది.

కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసే జన్యువు పేరు పి53. చైనాలోను, దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలోను కాలేయ క్యాన్సర్ గడ్డలను పరిశీలించినప్పుడు, ఆ జన్యువులో 249వ స్థానంలో సరిగ్గా ఇదే తప్పు మళ్లీ మళ్లీ కనిపించిందని 1991లో వెల్లడైంది. కాపలాదారుడే పడిపోతే దొంగకు అడ్డేమిటి?

ఒకసారి తిన్నంత మాత్రాన క్యాన్సర్ వస్తుందని భయపడవద్దు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తినడంలోనే ముప్పు ఉంది.

ఎక్కువ మోతాదులో తింటే

1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్నవారికి కామెర్లు వచ్చాయి, పొట్టలో నీరు చేరింది. 397 మంది జబ్బు పడగా 106 మంది చనిపోయారు. కారణం అఫ్లాటాక్సిన్ అని చూపినది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే.

హెపటైటిస్ బి తోడైతే

చైనాలోని షాంఘైలో జరిగిన పరిశీలనలో, అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు సుమారు 3 రెట్లు, హెపటైటిస్ బి ఒక్కటే ఉన్నవారికి 7 రెట్లు పెరిగింది. రెండూ ఉన్నవారికి దాదాపు 60 రెట్లు పెరిగింది. కనుక పుట్టిన 24 గంటల్లో బిడ్డకు హెపటైటిస్ బి టీకా వేయించండి. ఆ తర్వాత 6, 10, 14 వారాల టీకాలు మరువవద్దు.

మనం చేయవలసినవి

1. పీకిన కాయలను కుప్ప పోయక వెంటనే బాగా ఆరబెట్టండి. ఊపితే లోపల గింజ గలగలమనాలి.
2. ఒలవడం సులువని ఎండిన కాయలపై నీళ్లు చల్లకండి.
3. సంచులను నేల మీద కాక చెక్కల మీద, గోడకు దూరంగా పెట్టండి.
4. ముడుచుకున్న, రంగు మారిన, బూజు పట్టిన, చేదుగా ఉన్న గింజలను ఏరి పారేయండి. నోట్లో చేదు తగిలితే ఉమ్మేయండి.
5. వాటిని గానుగకు పంపకండి. శుద్ధి చేయని నూనెలోకి విషం దిగుతుంది.
6. పశువులకూ పెట్టకండి. పాల ద్వారా అది తిరిగి మన పిల్లలకే చేరుతుంది.

ఏరి పారేసే పిడికెడు గింజలను నష్టమని తలచకండి. ఆ పిడికెడు మీ ఇంటిల్లిపాది కాలేయానికి కాపలా. ఎవరికైనా కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, ఆకలి చచ్చిపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.