పాతకారులోని బొగ్గుడబ్బా

కారు సంగతి పురుషులది, వంటయింటి సంగతి మనది అని మనలో అనేకులు తలంచుచుందురు. నేనును మొన్నటివరకు అట్లే తలంచితిని. కాని కారు నిలుచు చోటు ఇంటిగోడను అంటియున్నప్పుడు, దాని ఆవిరి మన బిడ్డలు పరుండు గదిలోనికి వచ్చునప్పుడు, అది గృహిణికి సంబంధింపని విషయమని యెట్లు చెప్పగలము? మా యింట జరిగిన యొక చిన్న సంగతిని, దానివలన నేను తెలిసికొనిన విషయములను మీకు విన్నవించుచున్నాను.

మేము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నివసించుచున్నాము. ఇచ్చటి యిండ్లలో కారు నిలుపు గది, అనగా గరాజు, ఇంటిలోనే యొక భాగమై యుండుటయు, దాని పైన పడకగది యుండుటయు సామాన్యము. మావారికి పాతకారులన్న మక్కువ యెక్కువ. 1988 నాటి కారు నొకదానిని కొని, సెలవుదినములలో దానిని తుడుచుచు, విప్పుచు, బిగించుచు ప్రొద్దు పుచ్చుచుందురు. ఇట్లుండగా తెనాలినుండి మా అత్తగారు వచ్చి, మా చిన్నదానితో కూడ ఆ గరాజుపై గదిలో పరుండసాగిరి. నాలుగవనాటి ఉదయమున ఆమె, "అమ్మాయీ! రాత్రియంతయు కిరసనాయిలు బుడ్డి తలగడ క్రింద పెట్టుకొని పడుకొన్నట్లున్నది. పిల్ల లేచినది మొదలు తలనొప్పి యనుచున్నది" అని చెప్పిరి.

మావారు తమ మిత్రు నొకనిని పిలిచి కారు చూపించిరి. అతడు ఇంజను ప్రక్కనున్న నల్లని డబ్బా నొకదానిని తట్టి, "దీనివల్లనే యీ వాసన. ప్రభుత్వము బలవంతము చేయగా పెట్టినదే కాని బండికి దీనివలన ప్రయోజనము లేదు. ఊడదీసి గొట్టముల మూతులు బిగించిన సరి" అని సలహా చెప్పెను. మావారు వెంటనే పనిముట్లు తీసిరి. అత్తగారు గుమ్మములో నిలిచి వినుచుండి, "నాయనా! పనికిరానిదైనచో చేసినవాడు ఏల పెట్టెను? తీయుటకు ముందు అది యేమి చేయునో కనుగొనరాదా?" అనిరి. ఆ మాటతో మావారి చేయి ఆగినది.

ఆ డబ్బా యేమి చేయునో తెలియవలెనన్న మన పూజగదిలోని కర్పూరమును తలచుకొనుడు. మూత సరిగా బిగింపని డబ్బాలో కర్పూరము నెల తిరుగకుండనే హరించిపోవును. అందులకే మన పెద్దలు దానిలో నాలుగు మిరియపుగింజలు వేసి మూత బిగించుచుందురు. పెట్రోలు స్వభావము కర్పూరము వంటిదే. కారు నడువకున్నను, ఎండ తగిలిన చాలును, ట్యాంకులోని పెట్రోలు కొంత కొంత ఆవిరియగుచునే యుండును. పాతకారులలో కార్బురేటరునందు మిగిలిన పెట్రోలుకూడ ఇంజను వేడికి ఆవిరియగును. ఈ ఆవిరిని బయటికి పోనీయక పట్టియుంచుటకే ఆ డబ్బా యేర్పడినది.

దానిలో నున్నది బొగ్గు. మన కుంపటిలోని బొగ్గు వంటిది కాక, ప్రత్యేకముగా సిద్ధపరచి, కంటికి కానరాని రంధ్రములతో నింపినట్టిది. ఇట్టి బొగ్గు ఒక్క గ్రాములోని రంధ్రముల గోడలను పరచి చూడగలిగినచో సుమారు 1000 చదరపు మీటర్ల వైశాల్యము తేలును. నీళ్లు వడకట్టు యంత్రములలో దుర్వాసనను పీల్చునదియు ఇట్టి బొగ్గే. ట్యాంకునుండి వచ్చు ఆవిరి గొట్టముద్వారా ఈ డబ్బాలో చేరి బొగ్గును అంటుకొనియుండును. ఇంజను నడిచి వేడెక్కిన పిమ్మట ఒక చిన్న కవాటము తెరచుకొనును. అప్పుడు ఇంజను డబ్బాగుండ గాలిని లాగుకొని, ఆ గాలితో వచ్చిన ఆవిరిని కాల్చివేయును. పట్టిన పెట్రోలు వృథా కాదు. బొగ్గు మరల ఖాళీయై మరునాటికి సిద్ధమగును. ఇంత పొదుపైన యేర్పాటు మన వంటయిండ్లలో సైతము అరుదు.

దీనిని పెట్టవలసిన యవసరము ఏల కలిగినదో వినుడు. 1943 జూలైలో లాస్ ఏంజిలెస్ నగరమును మంట పుట్టించు పొగమంచు వంటిది కమ్మివేసెను. కండ్లు మండి, గొంతు గీరుకొనిపోగా, యుద్ధకాలమగుటచే శత్రువులు విషవాయువు వదలిరని కొందరు భయపడిరి. దాని రహస్యమును 1950 ప్రాంతమున బయటపెట్టినవాడు హాలెండు దేశమున జన్మించిన హాగెన్-స్మిట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు. ఆయన అంతకు ముందు అనాసపండు వాసన యెందువలన కలుగుచున్నదని పరిశోధించుచుండెను. ఆ నేర్పునే నగరపు గాలిపై ప్రయోగించి, కారులనుండియు, చమురు శుద్ధిచేయు కర్మాగారములనుండియు వెలువడు పెట్రోలు ఆవిరులు, పొగలోని నత్రజని సంబంధమైన వాయువులు ఎండలో కలిసి ఓజోను మొదలగు హానికర పదార్థములుగా మారుచున్నవని నిరూపించెను. నియమములు లేని కాలమున ఒక కారు గాలిలో కలుపు హైడ్రోకార్బనులలో సుమారు ఐదవవంతు, పొగగొట్టమునుండి కాక, ఇట్లు ట్యాంకునుండియు కార్బురేటరునుండియు ఊరక ఆవిరియైపోవునదియే. అందుచేత 1970 సంవత్సరపు నమూనాలనుండి కాలిఫోర్నియాలోను, 1971 నమూనాలనుండి అమెరికా యంతటను క్రొత్త కారులకు ఈ ఆవిరిని పట్టు నేర్పాటు తప్పనిసరి చేయబడెను.

ఇక నా డబ్బాను ఊడదీసినచో నేమగును? గొట్టమును తెరచి విడిచినచో ట్యాంకు ఆవిరి రాత్రింబవళ్లు గరాజులోనికే వచ్చును. గొట్టమును మూసినచో ట్యాంకునకు ఊపిరాడదు. పెట్రోలు ఖర్చగుకొలది లోపల శూన్యమేర్పడి, మూతలోని కవాటము సరిగా పనిచేయనిచో, ఇంజనుకు పెట్రోలు అందక బండి దారిలో నిలిచిపోవచ్చును. ఎండవేళ ఒత్తిడి పెరిగి బలహీనమైన అతుకులగుండ ఆవిరి చిమ్మును. ఇంజనువైపు రంధ్రమును సరిగా మూయకున్నచో అక్కరలేని గాలి లోనికి చేరి ఇంజను వణకును. డబ్బా తీసిన బండికి బలము హెచ్చునన్నది భ్రమయే. దాని బరువు స్వల్పము. అది ఇంజను బలమును హరించునది కాదు.

వీటికంటె ముఖ్యమైనది మన బిడ్డల సంగతి. పెట్రోలు ఆవిరిలో బెంజీను అను పదార్థము కలదు. అది మానవులకు క్యాన్సరు కలిగించునదిగా నిర్ధారణ చేయబడినది. గరాజులోని గాలి తలుపుసందులగుండ, పైకప్పు పగుళ్లగుండ ఇంటిలోనికి వచ్చునని వైద్యులును ఇంజనీర్లును ఎరుగుదురు. మరియు పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారున ప్రాకి గుంటలో నీరువలె నిలుచును. ఈ దేశమున నీళ్లు కాచు గ్యాసు పొయ్యి గరాజులోనే యుండుట కద్దు. అందుకే దాని నిప్పు నేలకు 18 అంగుళముల ఎత్తున ఉండవలెనని గృహనిర్మాణ నిబంధనలలో చెప్పుదురు. మా యింటి పొయ్యి కారుకు నాలుగడుగుల దూరమున నున్నది. ఈ సంగతి తెలిసిననాడు నాకు నిదురపట్టలేదు.

చట్టమును మరువరాదు. ఇట్టి పరికరములను తొలగింపరాదని 1970 నాటి శాసనము తయారీదారులను, అమ్మకందారులను కట్టడి చేసెను. 1977లో మరమ్మతు చేయువారికిని, 1990లో తన బండిని తానే విప్పుకొనువానికిని ఆ నిషేధము వర్తించెను. కాలిఫోర్నియాలో 1975, అంతకు పూర్వపు నమూనాలకు మినహాయింపు కలదు గాని, 1976 మొదలు వచ్చిన పాతకారులు రెండేండ్ల కొకసారి పొగపరీక్షకు పోవలెను. అచ్చట పొగను మాత్రమే కాక, పరికరములు ఉన్నవో లేవో కూడ చూతురు.

ఇంతయు తెలిసికొనిన పిమ్మట మావారు డబ్బాను ఊడదీయుట మాని, గొట్టముల నొక్కొక్కటిగా చేతితో తడిమి చూచిరి. ట్యాంకునుండి డబ్బాకు వచ్చు రబ్బరుగొట్టము ముసలిదై, వంపువద్ద ఎండిన చింతబరికెవలె పగిలియుండెను. పెట్రోలు పోయు మూతలోని రబ్బరుచుట్టయు గట్టిపడి బీటలువారెను. తప్పు ఆ రెండింటిది. నింద మోసినది డబ్బా! రెండును క్రొత్తవి వేసిన మూడవనాటికి వాసన పోయినది. పని ముగియువరకు కారును వీధిలో నిలిపి, అత్తగారిని, చిన్నదానిని మా గదిలో పడుకొనబెట్టితిమి.

సోదరీమణులు గుర్తుంచుకొనవలసిన విషయములు కొన్ని చెప్పెదను. పెట్రోలు పోయు గొట్టము తనంతట ఆగిన పిమ్మట ఇంకను కొసరి పోయించరాదు. ట్యాంకు పొంగి పెట్రోలు డబ్బాలోనికి పోయినచో బొగ్గు తడిసి పాడగును. మూత టక్కుమను చప్పుడగువరకు త్రిప్పవలెను. ఇంటిలో పెట్రోలు వాసన వచ్చినచో దీపము వెలిగింపక, విద్యుత్తు మీటలు నొక్కక, తలుపులు తెరచి, కారును బయటికి త్రోయించి నిలుపవలెను. డబ్బా నిజముగా చెడినచో అట్టిదే క్రొత్తది వేయింపవలెనే కాని చోటు ఖాళీగా ఉంచరాదు.

ఇది అమెరికావారి గొడవ యని స్వదేశమందలి సోదరీమణులు తీసివేయకుందురు గాక. భారత్ స్టేజి నాలుగవ నిబంధనలతో 2017 ఏప్రిల్ నుండి మన దేశమున అమ్మబడిన క్రొత్త పెట్రోలు స్కూటర్లలో పెక్కింటికి ఇట్టి బొగ్గుడబ్బాయే అమర్పబడినది. వరండాలోనో, మెట్ల క్రిందనో స్కూటరు నిలుపు ఇండ్లు మనకు తక్కువా? మరమ్మతు చేయువాడు "ఇది అక్కరలేదమ్మా, తీసివేసెదను" అనినచో, మా అత్తగారు అడిగిన ప్రశ్నయే మీరును అడుగుడు. అతడు సమాధానము చెప్పువరకు పనిముట్టు ముట్టనీయకుడు.

మా అత్తగారు ఆ గదిలోనే మరి రెండు నెలలు సుఖముగా నిదురించి తెనాలికి వెడలిరి. పోవునాడు కారువద్ద నిలిచి ఆ నల్లడబ్బాను చూచి, "మాట్లాడక పనిచేయువారినే యింటిలో మొదట తప్పుపట్టుదురు" అని నవ్విరి.