మాన్యువల్ కారుకి ప్యాడిల్ షిఫ్టర్లు పెడదామనుకున్నా.. చివరికి ఏం తెలిసిందంటే!

గత ఏడాది మా నాన్నకి ఎడమ మోకాలి ఆపరేషన్ అయింది. నడక బాగానే ఉంది. కానీ విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో అరగంట క్లచ్ తొక్కారంటే చాలు, రాత్రికి మోకాలు వాచిపోతోంది. మాది పదేళ్ల నాటి మాన్యువల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. "అమ్మేసి ఆటోమేటిక్ తీసుకుందాం నాన్నా" అంటే, "ఇంజిన్ గడియారంలా నడుస్తోంటే అమ్మడమేంట్రా" అని కొట్టిపారేశారు.

సరిగ్గా అప్పుడే నా ఫీడ్‌లో ఒక రీల్ వచ్చింది. మామూలు కారు, స్టీరింగ్ వెనక రెండు ఎర్ర ప్యాడిల్స్, వేలితో టక్ టక్‌మని గేర్లు! 'యూనివర్సల్ ప్యాడిల్ షిఫ్టర్, అన్ని కార్లకూ సెట్ అవుతుంది' అన్న లిస్టింగ్ కనిపించగానే 1,299 రూపాయలు పెట్టి ఆర్డర్ చేసేశా. బీటెక్ చదివాం, రోజూ కోడ్ రాస్తాం, ఈ మాత్రం చేయలేమా అని ధీమా.

బాక్స్ ఓపెన్ చేస్తే రెండు ప్లాస్టిక్ ముక్కలు, డబుల్ సైడ్ టేప్. వైర్ లేదు, స్విచ్ లేదు. అవి అసలు షిఫ్టర్లే కావు. కంపెనీ నుంచే ప్యాడిల్స్ ఉన్న కార్లలో, వాటి మీద అతికించుకునే ఎక్స్‌టెన్షన్లు! ఆన్‌లైన్‌లో ఈ ధరలో దొరికేవి ఎక్కువగా ఇవే. ఫొటో చూసి మోసపోకండి.

ప్యాడిల్ అంటే జస్ట్ ఒక స్విచ్

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. ప్యాడిల్ గేర్ మార్చదు. మౌస్ క్లిక్ లాగా "ఒక గేర్ పైకి" లేదా "ఒక గేర్ కిందకి" అని కంట్రోలర్‌కి రిక్వెస్ట్ పంపుతుందంతే. గేర్ మార్చే అసలు పని వెనక వేరే హార్డ్‌వేర్ చేస్తుంది.

ఫార్ములా వన్‌లో ఈ ఐడియాని సక్సెస్ చేసి చూపించిన కారు ఫెరారీ 640. జాన్ బర్నార్డ్ డిజైన్. 1989లో బ్రెజిల్‌లో తన మొదటి రేసులోనే నైజెల్ మాన్సెల్ దాన్ని గెలిపించాడు. అందులో కూడా ప్యాడిల్స్ కేవలం బటన్లే, గేర్లు మార్చింది మాత్రం ఎలక్ట్రో హైడ్రాలిక్ సిస్టమ్. 1997లో ఎఫ్355తో ఫెరారీ ఇదే టెక్నాలజీని రోడ్డు కార్లలోకి తెచ్చింది.

మరి మన మాన్యువల్ కారులో ఒక గేర్ మారాలంటే ఏమేం జరగాలి? యాక్సిలరేటర్ వదలాలి. క్లచ్ నొక్కాలి. లివర్‌ని న్యూట్రల్‌కి లాగాలి. కుడికో ఎడమకో జరిపి సరైన వరుస ఎంచుకోవాలి, దీన్నే సెలెక్ట్ అంటారు. ముందుకో వెనక్కో తోయాలి, ఇది షిఫ్ట్. క్లచ్ నెమ్మదిగా వదలాలి. మళ్లీ యాక్సిలరేటర్ ఇవ్వాలి. మన చేతులు, కాళ్లు ఆలోచించకుండా చేసేసే ఈ పనులన్నీ ఇప్పుడు మోటార్లు చేయాలి. క్లచ్‌కి ఒక యాక్చుయేటర్, సెలెక్ట్‌కి ఒకటి, షిఫ్ట్‌కి ఒకటి. వీటికి పొజిషన్ సెన్సర్లు. వీటన్నిటినీ నడిపే కంట్రోలర్. ఆ కంట్రోలర్‌కి ఇంజిన్ ఆర్‌పీఎం, కారు స్పీడ్ తెలియాలి, థ్రాటిల్ మీద కాస్త అదుపు కూడా ఉండాలి.

విన్నట్టుంది కదా? అవును, ఇదే ఏఎంటీ! 2014లో మారుతీ సెలెరియోతో మన దగ్గర పాపులర్ అయిన టెక్నాలజీ. లోపల ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కేదీ గేర్ మార్చేదీ మాత్రం యాక్చుయేటర్లు. హ్యుందాయ్ ఎక్స్‌టర్ ఏఎంటీలో ప్యాడిల్స్ ఇవ్వగలిగారంటే కారణం ఇదే. మిగతా సిస్టమ్ అంతా ముందే ఉంది, రెండు స్విచ్‌లు కలిపారంతే. 2020లో వెన్యూలో వచ్చిన ఐఎంటీ ఇందులో సగం. క్లచ్ పెడల్ ఉండదు, గేర్ మాత్రం మన చేత్తోనే మార్చాలి. లివర్ మీద చేయి కదలగానే సెన్సర్ పసిగట్టి, యాక్చుయేటర్‌తో క్లచ్ తెరిపిస్తుంది.

ఆటోనగర్ నుంచి ఇంటికి ఒక గేర్‌బాక్స్

ఇంత తెలిశాక కూడా నేను ఆగలేదు. అదే నా ప్రాబ్లమ్! కారు జోలికి వెళ్లకుండా ముందు బెంచ్ మీద ట్రై చేద్దామని ఆటోనగర్‌లో పాత గేర్‌బాక్స్ ఒకటి కిలోల లెక్కన కొన్నా. స్క్రాప్ షాపు బాబాయ్ "ఏం చేసుకుంటావ్ బాబూ దీంతో?" అని అడిగితే, చెప్పడానికి సిగ్గేసి "కాలేజీ ప్రాజెక్ట్ బాబాయ్" అన్నా.

సెటప్ సింపులే. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, రెండు మైక్రోస్విచ్‌లతో త్రీడీ ప్రింట్ చేసిన ప్యాడిల్స్, రెండు 12 వోల్టుల లీనియర్ యాక్చుయేటర్లు, గేర్ నంబర్ చూపించే చిన్న ఓలెడ్ డిస్‌ప్లే. క్లచ్ భాగాన్ని తర్వాత చూద్దామనుకున్నా. మూడు వీకెండ్లు పట్టింది.

పని చేసింది! ప్యాడిల్ లాగితే గేర్ పడింది. కాకపోతే ఒక్కో షిఫ్ట్‌కి దాదాపు రెండు సెకన్లు. చవక యాక్చుయేటర్ల స్పీడ్ అంతే మరి. ఆ తర్వాత అసలు సమస్యలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మొదటిది, డబుల్ క్లిక్. స్విచ్ ఒక్కసారి నొక్కినా కాంటాక్ట్ అదిరి కోడ్‌కి రెండుసార్లు నొక్కినట్టు కనిపిస్తుంది. డీబౌన్స్ రాస్తే సరిపోతుంది, కానీ రాయకపోతే? ఒక లెక్క చూడండి. ఐదో గేర్ రేషియో 0.8, రెండోది 1.9 అనుకుందాం. ఐదులో 2,800 ఆర్‌పీఎంతో వెళ్తున్న కారు పొరపాటున రెండుకి పడితే ఇంజిన్ ఒక్కసారిగా 6,650 ఆర్‌పీఎంకి ఎగురుతుంది. చాలా ఫ్యామిలీ కార్లలో అది రెడ్‌లైన్ దాటేసినట్టే. ఇక్కడ రెవ్ లిమిటర్ కూడా కాపాడలేదు, ఎందుకంటే ఇంజిన్‌ని తిప్పుతున్నది పెట్రోల్ కాదు, చక్రాలు. అందుకే ప్రతి డౌన్‌షిఫ్ట్‌కి ముందు స్పీడ్ చెక్ ఉండాలి.

రెండోదే నన్ను ఆపేసింది. ఒక సాయంత్రం నాన్నకి డెమో ఇస్తున్నా. మూడో గేర్ వేశా. డిస్‌ప్లే మీద '3' వచ్చింది. నాన్న వంగి షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూశారు. అవతలి షాఫ్ట్ కదల్లేదు. లోపల గేర్ పళ్లు ఎదురెదురుగా తగిలి ఆగిపోయాయి, గేర్ పడనేలేదు. నా కోడ్ మాత్రం యాక్చుయేటర్‌కి కమాండ్ పంపాను కాబట్టి పని అయిపోయిందనుకుంది.

"ఒరేయ్, స్క్రీన్ మీద మూడు అంటోంది, లోపలేమో న్యూట్రల్‌లో ఉంది. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ఇట్లా అయితే?"

నా దగ్గర సమాధానం లేదు. ఆఫీసులో ఇలాంటి బగ్ నేను చాలాసార్లు చూశా. స్క్రీన్ మీద సక్సెస్ మెసేజ్, సర్వర్‌లో ఫెయిల్. అక్కడైతే రీఫ్రెష్ కొడతాం. ఇక్కడ ఇంజిన్ బ్రేకింగ్ పోయి, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. పొజిషన్ సెన్సర్ పెడితే ఇది తెలుస్తుంది, నిజమే. కానీ ఆ సెన్సర్ ఫెయిలైతే? బ్యాటరీ వోల్టేజ్ పడిపోతే? క్లచ్ అరిగేకొద్దీ అది పట్టుకునే పాయింట్ కూడా మారుతుంటుంది, దాన్ని మళ్లీ మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. కంపెనీలు ఏళ్లపాటు టెస్ట్ చేసే విషయాలివి. నేను మూడు వీకెండ్లలో చేసేసి అందులో మా నాన్నని కూర్చోబెడదామనుకున్నా!

ఆర్డర్ కొట్టే ముందు ఈ ఐదు ప్రశ్నలు

1. క్లచ్ ఎవరు నొక్కుతారు? లిస్టింగ్‌లో క్లచ్ యాక్చుయేటర్ మాట లేకపోతే అది మాన్యువల్ కారుకి పనికిరాదు.

2. గేర్‌బాక్స్ ఏ రకం? బైకులు, రేస్ కార్లలో ఉండే సీక్వెన్షియల్ గేర్‌బాక్స్‌లో లివర్‌ని పైకీ కిందకీ కదిపితే చాలు, ప్యాడిల్ కిట్లు వాటికి బాగా సెట్ అవుతాయి. మన 'హెచ్' ప్యాటర్న్‌కి రెండు దిశల్లో కదలిక కావాలి.

3. స్టీరింగ్ నుంచి సిగ్నల్ ఎలా వస్తుంది? స్టీరింగ్ తిరుగుతుంది కాబట్టి మామూలు వైరు తెగిపోతుంది. కంపెనీ కార్లలో క్లాక్ స్ప్రింగ్ అనే చుట్టల కేబుల్ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ కూడా అందులోంచే వెళ్తుంది. దాన్ని ఇంట్లో కెలకొద్దు. వైర్‌లెస్ అయితే, కాయిన్ సెల్ అయిపోయినప్పుడు ఏమవుతుందో అడగండి.

4. ఫెయిలైతే ఏం చేస్తుంది? చేత్తో గేర్ మార్చుకునే దారి మిగిలి ఉండాలి.

5. ఆర్సీ, ఇన్సూరెన్స్ సంగతి? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. దివ్యాంగుల కోసం కారుని మార్పించుకోవడానికి మాత్రం అదే చట్టంలో నిబంధనలతో కూడిన దారి ఉంది. ఏ మార్పు చేయించినా ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి.

ఫైనల్ వర్డిక్ట్

రోడ్డు మీద తిరిగే మాన్యువల్ కారుకి ప్యాడిల్ షిఫ్టర్లు పెట్టడం అసాధ్యం కాదు. కానీ సరిగ్గా పెట్టాలంటే ఏఎంటీని మొదటి నుంచీ మళ్లీ తయారు చేసినట్టే. అంత డబ్బు, అంత రిస్క్ పెట్టడం కంటే ప్యాడిల్స్ ఉన్న కారు కొనడమే బెటర్. ఆల్రెడీ ఆటోమేటిక్ ఉండి, అదే మోడల్ టాప్ వేరియంట్‌లో కంపెనీ ప్యాడిల్స్ వస్తుంటే, మీ వేరియంట్‌కి అవి సెట్ అవుతాయేమో ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో అడగొచ్చు. సిమ్ రేసింగ్ చేసేవాళ్లు మాత్రం హాయిగా సొంతంగా తయారు చేసుకోండి. నా ప్యాడిల్స్ ఇప్పుడు అదే ఈఎస్‌పీ32తో బ్లూటూత్ గేమ్‌ప్యాడ్‌గా మారి నా డెస్క్ మీద ఉన్నాయి. ఇక్కడ గేర్ తప్పితే గోడకి గుద్దుకున్నా రీస్టార్ట్ ఉంటుంది.

మొత్తం మీద ఆ డెమో వల్ల ఒక మంచి జరిగింది. నేను ఆర్నెల్లు చెప్పినా వినని నాన్న, ఆ గేర్‌బాక్స్ చూశాక ఏఎంటీ టెస్ట్ డ్రైవ్‌కి వచ్చారు. నాన్నకి కావాల్సింది వేలితో గేర్ మార్చడం కాదు, ఎడమ కాలికి రెస్ట్. ఈ చిన్న విషయం అర్థం కావడానికి నాకు మూడు వీకెండ్లు, ఒక గేర్‌బాక్స్ పట్టాయి! పాత కారు ఇచ్చేసి సెకండ్ హ్యాండ్ ఏఎంటీ తీసుకున్నాం. గేర్ మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, నాన్న ఇప్పటికీ దాన్ని తిడతారు. ప్యాడిల్స్ అయితే లేవు.

మొన్న ఆదివారం గుంటూరు వెళ్లి, సాయంత్రం ట్రాఫిక్‌లో తనే నడుపుకుంటూ తిరిగొచ్చారు. రాత్రి మోకాలు వాచలేదు.