వార్తల్లో పదం: ఏసీఎల్ గాయం

మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి పట్టుకునే లిగమెంట్లలో ఒకటి యాంటీరియర్ క్రూషియేట్ లిగమెంట్ (ఏసీఎల్). కాలి ఎముక ముందుకు జారకుండా కాసేది ఇదే. స్కీయింగ్‌లో బూటు పొడవాటి పలకకు బిగించి ఉంటుంది. పడినప్పుడు పలక ఒకవైపు, ఒళ్లు మరోవైపు తిరిగితే మెలి అంతా మోకాలి మీదే పడి ఈ లిగమెంట్ తెగవచ్చు. అమెరికా స్కీయర్ లిండ్సే వాన్ 2013 ఫిబ్రవరిలో అలాగే గాయపడ్డారు. మోకాలు మళ్లీ దెబ్బతిని 2014 సోచీ ఒలింపిక్స్‌కు దూరమయ్యారు.

మంచు ఎరగని హైదరాబాద్ ఉప్పల్‌కూ ఈ గాయం తెలుసు. సన్‌రైజర్స్ మాజీ సారథి కేన్ విలియమ్సన్ 2023 మార్చి 31న అహ్మదాబాద్‌లో క్యాచ్ కోసం ఎగిరి పడ్డాడు. కుడి మోకాలి ఏసీఎల్ తెగింది. ఆపరేషన్ తర్వాత సెప్టెంబరు 29న ఉప్పల్ స్టేడియంలో న్యూజిలాండ్ తరఫున పాకిస్థాన్‌పై ప్రపంచకప్ సన్నాహక మ్యాచ్‌లో 54 పరుగులు చేశాడు, ఫీల్డింగ్‌కు మాత్రం దిగలేదు. అక్టోబరు 9న అక్కడే నెదర్లాండ్స్‌తో జరిగిన ప్రపంచకప్ మ్యాచ్‌నూ వదులుకున్నాడు. నా దృష్టిలో ఆ ఓపిక సెంచరీ కన్నా గొప్పది.

టప్‌మని శబ్దం, గంటల్లో వాపు, నడకలో కాలు పట్టు తప్పడం ఏసీఎల్ గాయం లక్షణాలు. ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. ఫిజియోథెరపీ అందరికీ కావాలి. ఆపరేషన్ అయినవారిని ఆటకు ముందు కనీసం 9 నెలలు ఆగమంటారు.

ఉప్పల్ పక్కనున్న నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి అన్నాళ్లు ఆగడం కష్టమే. ఈఎస్‌ఐ కార్డు ఉంటే అక్కడి ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లండి. అర్హులకు అనారోగ్య సెలవులో 70 శాతం వేతనం ఏడాదికి 91 రోజుల దాకా అందుతుంది. పనిలో తగిలిన గాయమైతే 90 శాతం. అడిగి తీసుకోండి.