వెలిసిపోని ఫొటో

మనలో చాలామంది ఇళ్ళల్లో హాలు గోడకి దండ వేసిన ఫొటో ఒకటి ఉంటుంది. బ్లాక్‌టౌన్‌లో మా ఇంట్లో ఉన్నది నాన్నగారిది. తెలియక పడమటి కిటికీకి ఎదురుగా తగిలించాం. పన్నెండేళ్ళ ఎండకి బాగా వెలిసిపోయింది. ఒక దసరాకి వచ్చిన మిత్రుడి కొడుకు, "అంకుల్, ఈ తాతయ్యకి మొహం ఏదీ?" అన్నాడు. అమ్మ వింది. ఏమీ అనలేదు. మర్నాడు ఆ ఫొటో తీసి తన గదిలో పెట్టుకుంది.

ఆ తర్వాత ఒక ఇటాలియన్ సహోద్యోగి తల్లిగారి అంత్యక్రియలకి రూక్‌వుడ్ శ్మశానానికి వెళ్ళాను. అక్కడ సమాధి రాళ్ళ మీద కోడిగుడ్డు ఆకారంలో పింగాణి బిళ్ళలు, వాటి మీద ఫొటోలు! ఒక పాత రాతి మీద అక్షరాల రంగు ఊడిపోయింది గానీ, పెద్దాయన మీసం మెలికతో సహా నిన్న తీసినట్టుంది.

ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, ఆరా తీశాను. ఫొటోని పింగాణి మీద కాల్చి నిలిపే పద్ధతికి 1854లో బులో, కత్తాన్ అనే ఇద్దరు ఫ్రెంచివారు పేటెంటు తీసుకున్నారు. మామూలు ఫొటోలోని రంగులు ఎండకి విరిగిపోతాయి. పింగాణి మీద వాడేవి లోహపు ఆక్సైడులు: నీలానికి కోబాల్టు, ఎరుపు గోధుమ రంగులకి ఇనుము. బొమ్మని బిళ్ళకి అంటించి బట్టీలో సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడులో కాలిస్తే, రంగు గాజుపూతలో కరిగి కలిసిపోతుంది. మన కుమ్మరి ఆవం సూత్రమే! బట్టీలో కాల్చకుండా సిరాతో అచ్చువేసి పైన పూత పూసినవీ దొరుకుతాయి. అవి అంతకాలం నిలవవు. కొనేముందు అడగాలి.

ఆ మరుసటి ఏడాది అమ్మ పోయింది. అస్థికలు రాజమండ్రిలో గోదావరిలో కలిపాం. కొంచెం మాత్రం మించిన్‌బరీలో పైన్‌గ్రోవ్ గోడలో ఉంచాం. "గోడలో పెట్టడమేమిట్రా?" అని బాబాయి ఫోనులో కోప్పడ్డారు. శాస్త్రం నాకు తెలియదు. ఇక్కడ పుట్టిన మా అమ్మాయి బామ్మని చూడాలంటే ఏటా రాజమండ్రి వెళ్ళలేదని మాత్రం తెలుసు.

బిళ్ళ మీదకి ఏ ఫొటో? అక్కయ్య పాస్‌పోర్టు ఫొటో అంది. మా అమ్మాయి, స్వెట్టరు మీద పమిట కప్పుకుని వంటింట్లో నవ్వుతున్న ఫొటో తెచ్చింది. చివరికి అదే పెట్టాం. కింద పేరు తెలుగులో చెక్కించాం. మొదటి నమూనాలో ఒక ఒత్తు ఎగిరిపోయింది. తప్పు పట్టుకున్నది మా అమ్మాయే! బామ్మ నేర్పిన అక్షరాలే మరి.

అమ్మకి ఏ ఫొటో ఇష్టమో నేను ఎన్నడూ అడగలేదు. ఆ లోటు ఇక తీరదు. ఈ పండక్కి మీ పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మంచి ఫొటో తీయండి. ఏది బాగుందో వాళ్ళనే అడగండి.